ముక్క సీసాలో పడకముందే

తిరుపతిలో ప్యాథాలజీ పీజీలకూ ల్యాబ్ టెక్నీషియన్లకూ జరిగిన శిక్షణ తరగతిలో ఒక ప్యాథాలజిస్టు చేసిన ప్రసంగం ఇది. రికార్డింగు విని రాసింది.

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాతి సెషన్ నాకిచ్చారు, హాల్లో ఏసీ కూడా బాగా పనిచేస్తోంది, కాబట్టి ఎవరైనా కునుకు తీస్తే నేనేమీ అనుకోను, గురక మాత్రం పెట్టకండి. టాపిక్ "రోజువారీ ప్యాథాలజీలోకి కొత్త టెక్నాలజీలు" అన్నారు. వచ్చిన మెషిన్లన్నిటి గురించీ చెప్పాలంటే కొండ మీద ఏకాంత సేవ అయ్యేదాకా మనం ఇక్కడే ఉండాలి. అందుకని ఒక్క విషయం పట్టుకుని లాగుతాను, దాని వెంట ఎన్ని వస్తే అన్ని.

విషయం ఏంటంటే, కొత్త పరీక్ష మొదలుపెడుతున్నాం అనగానే మనందరికీ ముందు మెషినే గుర్తొస్తుంది. ఏ కంపెనీది, ఎంత, ఏ గదిలో పెట్టాలి, రిబ్బన్ ఎవరితో కట్ చేయించాలి. తీరా చూస్తే ఆ పరీక్ష చెడిపోయేది ఎక్కువగా ఆపరేషన్ థియేటర్లో, వార్డులో, పల్లెలో రక్తం తీసే చోట, అంటే శాంపిల్ మన ల్యాబ్ గుమ్మం తొక్కకముందే. మనం నేర్చుకున్న హెచ్ అండ్ ఈ స్టెయిన్, అదే కణాలకి నీలం, గులాబి రంగులు వేసి చూసే మామూలు పద్ధతి, ఉంది చూశారూ, దానికి ఓర్పు ఎక్కువ. ముక్క కాస్త ఆలస్యంగా వచ్చినా, ముక్క కుళ్ళకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవం సరిగ్గా లేకపోయినా ఏదో ఒకటి కనబడుతుంది, అలవాటైన కన్ను సర్దుకుంటుంది. ప్రొటీన్‌ని వెతికే పరీక్షలకీ డీఎన్‌ఏని వెతికే పరీక్షలకీ ఆ ఓర్పు లేదు. కాబట్టి కొత్త టెక్నాలజీ వచ్చిందంటే ప్యాథాలజిస్టు తన కుర్చీలోంచి లేచి థియేటర్ దాకా నడవాలి అని నా వాదన. ఈ మాట మా సర్జన్లకి అంత నచ్చదు, మాకూ నడవడం నచ్చదనుకోండి, అది వేరే సంగతి.

రొమ్ము క్యాన్సర్ తీసుకుందాం. ఒకప్పుడు టైపు, గ్రేడు, గడ్డ ఎంత సైజు, ఎన్ని లింఫ్ బిళ్ళల్లోకి పాకింది, ఇవి రాసి సంతకం పెడితే మన పని దాదాపు అయిపోయినట్టే. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ అనే రొమ్ము క్యాన్సర్ మందుకి అనుమతి వచ్చింది. ఆ మందు హెర్-టూ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్న గడ్డల మీదే పనిచేస్తుంది, ఉందా లేదా అని చెప్పాల్సింది మనం. హార్మోన్ మందు పనిచేస్తుందో లేదో చెప్పే ఈఆర్, పీఆర్ రిసెప్టర్ల సంగతీ అంతే. ఇవాళ ఈ మూడూ లేకుండా రిపోర్టు పంపితే ఆంకాలజిస్టు ఫోన్ చేసి "సార్, అసలు రిపోర్టు ఎప్పుడొస్తుంది" అని అడుగుతాడు.

ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అంటే మీకు తెలిసిందే, ఒక్క ముక్కలో చెప్పి దాటేస్తాను. గడ్డ కణంలో ఒక ప్రొటీన్ ఉందేమో వెతకడానికి దానికే అతుక్కునే యాంటీబాడీని సెక్షన్ మీద, అంటే గడ్డని పలచగా కోసిన పొర మీద, వేస్తాం, అది అతుక్కున్న చోట గోధుమరంగు వచ్చేలా చేస్తాం. కోలర్, మిల్‌స్టైన్ 1975లో ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే దారి కనిపెట్టాక ఇది ప్రపంచమంతా పాకింది. మన దగ్గర చాలా ల్యాబుల్లో యాంటిజెన్ రిట్రీవల్, అంటే ఫార్మలిన్ కప్పేసిన ప్రొటీన్‌ని వేడితో మళ్ళీ బయటపెట్టడం, ఇప్పటికీ ప్రెషర్ కుక్కర్లోనే జరుగుతోంది, సిట్రేట్ బఫర్ పోసి స్లైడ్లు పెట్టి విజిల్ వేయించడం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పద్ధతిగా చేస్తే కుక్కర్ చక్కగా పనిచేస్తుంది. లక్షలు పెట్టిన, తనంతట తనే రంగు వేసే ఆటోస్టెయినర్ మెషిన్ కూడా బాగుచేయలేనిది ఇంకొకటి ఉంది, అది చెప్తాను.

శనివారం సాయంత్రం ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో మాస్టెక్టమీ అయింది. తీసిన రొమ్ము మొత్తాన్ని ఒక ఇరుకు మూతి సీసాలో కుక్కారు. ఫార్మలిన్ అడుగున కొంచెం పోశారు, ముక్క సగం పైకి తేలి ఉంది. ఆదివారం సెలవు. సోమవారం పొద్దున రోగి తమ్ముడు ఆ సీసాని క్యారీబ్యాగులో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. మూతి ఇరుకు కాబట్టి గట్టిపడిన ముక్క బయటికి రాదు, సీసా కోయాల్సి వచ్చింది. బయట చర్మానికి ఫార్మలిన్ బాగానే పట్టింది, గట్టిగా ఉంది. మధ్యలో కోశాక చూడాలి, గడ్డ ఉన్న చోట మెత్తగా, మట్టిరంగులో, ముక్కు మూసుకోవాల్సిన వాసన. ఫార్మలిన్ కణజాలంలోకి గంటకి సుమారు ఒక మిల్లీమీటరు పోతుంది. అంత మందం రొమ్ములో మధ్యకి చేరేలోపు అక్కడి కణాలు తమను తాము తినేస్తాయి. హెచ్ అండ్ ఈలో క్యాన్సర్ అని తెలిసింది. ఈఆర్ వేస్తే ఖాళీ.

ఇప్పుడు ఆ ఖాళీని ఏమని రాయాలి? నెగెటివ్ అని రాస్తే, నిజానికి పాజిటివ్ అయి ఉంటే, ఏళ్ళ తరబడి రోజుకొకటి వేసుకుంటే సరిపోయే టామాక్సిఫెన్ ఆమెకి దక్కదు. చాలా చవకైన మాత్ర అది. దాని బదులు అనవసరమైన కీమో పడొచ్చు. అందుకే అలాంటప్పుడు స్లైడ్‌లో గడ్డ పక్కనున్న మామూలు డక్టులు, అంటే పాల నాళాలు, చూడండి, వాటిలో సహజంగా ఈఆర్ కొంచెమైనా పట్టాలి. అక్కడా రంగు లేదంటే పరీక్షే పనిచేయలేదన్నమాట, అది నెగెటివ్ కాదు. అప్పుడు రిపోర్టులో "ఈ ముక్క మీద చెప్పలేం" అని రాయాలి, ఆపరేషన్‌కి ముందు తీసిన ట్రూకట్ బయాప్సీ, అంటే సూదితో తీసిన సన్నటి ముక్క, దాని మైనం బ్లాక్ ఎక్కడుందో వెతకాలి. నిజానికి ఈ మూడు పరీక్షలకీ ట్రూకట్ ముక్కే మేలు, సన్నగా ఉంటుంది, వెంటనే ఫార్మలిన్‌లో పడుతుంది, అది లోపలిదాకా ఎక్కుతుంది.

అమెరికా వాళ్ళ గైడ్‌లైన్ ఏం చెప్తుందంటే, తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, పెద్ద ముక్కయితే కోసి పెట్టాలి, అందులో ఉండేది ఆరు గంటలకి తగ్గకూడదు, 72 గంటలు దాటకూడదు. ఫార్మలిన్ అంటే పది శాతం న్యూట్రల్ బఫర్డ్. దుకాణంలో కొన్న ఫార్మలిన్ వంద మిల్లీలీటర్లు, నీళ్ళు తొమ్మిది వందలు, నాలుగు గ్రాముల మోనోబేసిక్ సోడియం ఫాస్ఫేట్, ఆరున్నర గ్రాముల డైబేసిక్. ఆ రెండు ఉప్పుల ఖర్చు ఎంతో మీరే లెక్క వేసుకోండి. అవి వేయకుండా కుళాయి నీళ్ళు కలిపేసి వాడితే ఫార్మలిన్ నెమ్మదిగా ఫార్మిక్ యాసిడ్ అవుతుంది, స్లైడ్ మీద నల్లటి చుక్కలు పడతాయి, డీఎన్‌ఏ ముక్కలు ముక్కలవుతుంది. ముక్కకి కనీసం పదింతల ఫార్మలిన్ ఉండాలి.

దీనికి మేం చేసిన పని చాలా మామూలుది. వెడల్పు మూతి డబ్బాలు కొని, బఫర్డ్ ఫార్మలిన్ పోసి, మాకు కేసులు పంపే ఆసుపత్రులకి మేమే ఇస్తున్నాం. మూత మీద కాకుండా డబ్బా మీద స్టిక్కర్, మూతలు మారిపోతాయి కదా. స్టిక్కర్ మీద రెండు గీతలు: ముక్క బయటికి తీసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము. మొదట్లో ఎవరూ రాయలేదు. సర్జన్లకి చెప్పి చూశాం, తల ఊపారు, అంతే. తర్వాత థియేటర్ స్టాఫ్ నర్సులని కూర్చోబెట్టి, బాగా పట్టిన ఈఆర్ స్లైడూ కుళ్ళిన ముక్క ఈఆర్ స్లైడూ పక్కపక్కన మైక్రోస్కోపులో చూపించాం. "అమ్మా, ఈ ఇద్దరికీ జబ్బు ఒకటే, ఈమెకి మందు దొరుకుతుంది, ఈమెకి దొరకదు" అన్నాం. అప్పటి నుంచి టైము రాస్తున్నారు. థియేటర్లో ఏదైనా మారాలంటే చెప్పాల్సింది నర్సులకీ ఆయాలకీ అని నా అభిప్రాయం, సర్జన్లు ఎవరైనా ఇక్కడుంటే క్షమించాలి.

హెర్-టూ గురించి ఇంకొక్క మాట. పట్టిన రంగుని బట్టి దానికి సున్నా నుంచి 3 ప్లస్ దాకా మార్కు వేస్తాం. 3 ప్లస్ అంటే పది శాతానికి పైగా గడ్డ కణాల్లో పొర చుట్టూ పూర్తిగా, ముదురుగా రంగు పట్టడం. 2 ప్లస్ వస్తే తేల్చుకోవడానికి ఫిష్ అనే జీన్ పరీక్షకి పంపుతాం. సున్నా, 1 ప్లస్ రెండూ నెగెటివ్ కిందే పోయేవి, వాటి మధ్య తేడా ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. 2022లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందుకి, హెర్-టూ తక్కువగా ఉన్న ముదిరిన రొమ్ము క్యాన్సర్లలో కూడా అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దాంతో 1 ప్లస్‌కి ఉన్నట్టుండి విలువ వచ్చింది. స్టెయిన్ అదే, కుక్కర్ అదే, మనుషులం మనమే, కానీ మనం అశ్రద్ధగా రాసిన సున్నా ఇప్పుడు ఒకరి వైద్యాన్ని మార్చేస్తుంది. ఏ మెషినూ కొనకుండానే కొత్త టెక్నాలజీ మన బల్ల మీదికి వచ్చి కూర్చుంది.

ఇంతసేపూ ఫార్మలిన్‌ని పొగిడాను. ఇప్పుడు తిడతాను.

మెడలో బిళ్ళ, జ్వరం, బరువు తగ్గడం. సర్జన్ బిళ్ళ తీస్తాడు, అలవాటు ప్రకారం మొత్తం ఫార్మలిన్‌లో వేస్తాడు. మన దగ్గరికి వస్తుంది, గ్రాన్యులోమాలు అనే కణాల ముద్దలు కనబడతాయి, "టీబీకి అనుకూలం" అని రాస్తాం. ఆ టీబీకి రిఫాంపిసిన్ అనే మందు పనిచేస్తుందా లేదా? కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూడటానికి, పంపలేం, ఫార్మలిన్‌లో బ్యాక్టీరియా చచ్చిపోయింది. టీబీ క్రిమి డీఎన్‌ఏని వెతికే సీబీనాట్ పరీక్ష మామూలుగా చేసేది తాజా ముక్క మీద. అంటే ఆ సీసా మూత బిగించిన క్షణంలోనే రెండు పరీక్షలు మన చేయి దాటిపోయాయి. టీబీ అనుమానం ఉంటే బిళ్ళని రెండుగా కోసి ఒకటి ఫార్మలిన్‌లో, ఒకటి శుభ్రమైన సెలైన్‌లో వేయాలి. లింఫోమా అనే లింఫ్ క్యాన్సర్ అనుమానం ఉంటే, కణాలని ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమెట్రీకి తాజా ముక్క కావాలి. కిడ్నీ బయాప్సీ అయితే మెరిసే రంగుతో చూసే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకి ఒక కోర్, అంటే సూది ముక్క, ఫార్మలిన్ తగలకుండా రావాలి. ఇదంతా ముక్క తీయకముందు ఒక ఫోన్ కాల్‌తో తేలే వ్యవహారం. "సార్, రేపు ఒక బిళ్ళ తీస్తున్నాను, ఎలా పంపమంటారు" అని అడిగే సర్జన్ దొరికితే ఆయన్ని వదులుకోకండి.

మన ప్రాంతానికి టీబీ కొత్త కాదు, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వందేళ్ళు దాటింది. కోచ్ 1882లో ఆ క్రిమిని చూపించాడు, అప్పటి నుంచి వందేళ్ళకి పైగా మనం గళ్ళని స్లైడ్ మీద రుద్ది, ఎర్ర రంగు వేసి, వెతుక్కుంటూ గడిపాం. మైక్రోస్కోపులో కనబడాలంటే మిల్లీలీటరు గళ్ళలో ఐదు నుంచి పది వేల క్రిములుండాలి. సీబీనాట్‌ని డబ్ల్యూహెచ్‌ఓ 2010 చివర్లో ఆమోదించింది, దానికి వంద పైచిలుకు ఉంటే చాలు, రెండు గంటల్లో రిఫాంపిసిన్ సంగతి కూడా చెప్పేస్తుంది. తర్వాత గోవాలో తయారైన ట్రూనాట్ వచ్చింది, బ్యాటరీ మీద కూడా నడుస్తుంది కాబట్టి చిన్న ఆసుపత్రుల్లోకి వెళ్ళింది, 2020లో దానికీ డబ్ల్యూహెచ్‌ఓ ఆమోదం దొరికింది. ఇది మంచి మార్పు, అనుమానం లేదు. అయితే డబ్బాలో ఉమ్ము ఉంటే ఏ మెషినూ ఏం చేయలేదు. పొద్దున్నే లోపల్నుంచి దగ్గి తీసిన గళ్ళ కావాలి, ఆ మాట రోగికి అర్థమయ్యేలా చెప్పి, దగ్గి చూపించే ఓపిక ఎవరికో ఒకరికి ఉండాలి. ఇంకోటి, ఈ పరీక్ష పట్టుకునేది డీఎన్‌ఏని, బతికిన క్రిమిదా చచ్చినదా దానికి తెలియదు. మందులు వాడుతున్న మనిషికి జబ్బు తగ్గుతోందా అని చూడటానికి సీబీనాట్ చేయిస్తే తగ్గుతున్నా పాజిటివ్ రావచ్చు, అతను బెదిరిపోతాడు, మందు పనిచేయలేదని డాక్టరు కూడా అనుకుంటాడు. ఫాలో అప్‌కి పాత స్మియరే, అంటే స్లైడ్ మీద రుద్ది చూడటమే, కల్చరే. కొత్తది వచ్చిందని ఆ పాత మైక్రోస్కోపుని స్టోర్‌రూంలో పడేయకండి.

ఇక డెంగీ సీజను. వానలు పడ్డాక తిరుపతిలో ఏ ల్యాబ్‌కి వెళ్ళినా ప్లేట్‌లెట్ల గోలే. బొప్పాయి ఆకుల రేటు కూడా అప్పుడే పెరుగుతుంది. ఫోన్లో రిపోర్టు చూసుకుంటారు, పొద్దున 90 వేలు, సాయంత్రం 40 వేలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్, వెంటనే అడ్మిషన్. ఆ 40 వేలు నిజమేనా అని అడిగేవాళ్ళు తక్కువ.

సెల్ కౌంటర్ ఎలా లెక్కపెడుతుందో గుర్తుచేసుకోండి. సన్నటి రంధ్రం గుండా కణాలు ఒక్కొక్కటే పోతుంటాయి, ఒక్కోటి పోయినప్పుడు కరెంటుకి ఎంత అడ్డం వచ్చిందో చూసి దాని సైజు చెప్తుంది. కౌల్టర్ అనే ఆయన 1953లో పేటెంటు తెచ్చుకున్న పద్ధతి, చాలా మెషిన్లలో మూలం ఇప్పటికీ అదే. చిన్నది పోతే ప్లేట్‌లెట్, ఇంకాస్త పెద్దది పోతే ఎర్ర కణం, ఇలా. కొందరి రక్తానికి, గడ్డకట్టకుండా ట్యూబులో వేసే ఈడీటీఏ తగిలితే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గుంపులవుతాయి. ఇరవై ప్లేట్‌లెట్ల గుంపు ఆ రంధ్రంలోంచి పోతే మెషిన్ దాన్ని ప్లేట్‌లెట్ అనుకోదు, తెల్లకణం అని కూడా లెక్కేయొచ్చు. ప్లేట్‌లెట్ తగ్గింది, తెల్లకణం కాస్త పెరిగింది, మనిషికి మాత్రం ఏమీ కాలేదు. రక్తం తీసేటప్పుడు నరం దొరక్క కెలికి కెలికి తీసినా, ట్యూబుని మెల్లగా ఎనిమిది పది సార్లు తిప్పకుండా స్టాండులో పెట్టేసినా సన్నటి గడ్డలు కడతాయి, ఫలితం ఇదే. దీనికి తిరుగుడు కేసు కూడా ఉంది. బాగా రక్తహీనత ఉన్న మనిషిలో ఎర్ర కణాలు చిన్నవైపోయి, ముక్కలైపోయి ప్లేట్‌లెట్లలో కలిసిపోతాయి, అప్పుడు లేని ప్లేట్‌లెట్లు ఉన్నట్టు చూపిస్తుంది. అది ఇంకా ప్రమాదం.

మెషిన్ ఇదంతా దాచిపెట్టదు పాపం. పక్కన అనుమానానికి గుర్తుగా ఒక ఫ్లాగ్ వేస్తుంది, గ్రాఫ్ తోక పైకి లేస్తుంది. ఆ ఫ్లాగ్ ప్రింటు తీసేటప్పుడు రోగికిచ్చే కాగితం మీద రాకుండా సెట్టింగ్ పెట్టేసిన ల్యాబులున్నాయి, "రోగులు అడుగుతారండీ, ఎందుకొచ్చిన గొడవ" అని. ఫ్లాగ్ వస్తే స్మియర్ తీసి, ఆ రక్తపు పూత తోక దగ్గర గుంపులున్నాయేమో చూడాలి. నూనె చుక్క వేసి బాగా పెద్దది చేసి చూసే ఆయిల్ ఇమ్మర్షన్ ఫీల్డుకి సగటున ఎన్ని ప్లేట్‌లెట్లు కనబడ్డాయో దాన్ని 15 వేలతో గుణిస్తే సుమారు లెక్క వస్తుంది. గుంపులుంటే నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్ళీ రక్తం తీసి వెంటనే రన్ చేసి, సిట్రేట్ ద్రవం కలిసి పలచబడింది కాబట్టి వచ్చిన అంకెని 1.1తో గుణించాలి. ఇదంతా చేస్తే పది నిమిషాలు. సీజన్లో రోజుకి వందల శాంపిళ్ళు వచ్చే చోట ఆ పది నిమిషాలు ఎవరివి అన్నదే అసలు ప్రశ్న, సిక్స్ పార్ట్ అనే పెద్ద సెల్ కౌంటర్ మెషిన్ కొనేముందు ఆ మనిషిని పెట్టుకున్నారా అని ఓనర్లని అడుగుతాను నేను.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను, పీజీలకి ఎవరూ చెప్పరు ఇది. మార్కెటింగ్ ఆయన వస్తాడు, "సార్, మెషిన్ ఫ్రీ, మీరు రీయేజెంట్, అంటే పరీక్ష రసాయనాలు, మాత్రం మా దగ్గర కొనండి, నెలకి ఇన్ని టెస్టులు చేస్తే చాలు" అంటాడు. తప్పేం కాదు, చాలా ల్యాబులు అలాగే నడుస్తున్నాయి. కాకపోతే ఆయన చెప్పే టెస్టు రేటులో మెషిన్ సరిగ్గా చెప్తోందా అని చూసే, విలువ ముందే తెలిసిన కంట్రోళ్ళు ఉండవు, మెషిన్‌ని సరిదిద్దే క్యాలిబ్రేటర్ ఉండదు, రిపీట్లు ఉండవు, పొద్దున ఆన్ చేసినప్పుడు, రాత్రి కట్టేసినప్పుడు అది తాగే రీయేజెంటు ఉండదు. రోజుకి రెండు వందల శాంపిళ్ళ ల్యాబ్‌కి ఇవన్నీ సర్దుకుంటాయి, రోజుకి పదిహేను వచ్చే పలమనేరు ల్యాబ్‌కి టెస్టు రేటు ఆయన చెప్పినదానికి ఎక్కడికో వెళ్ళిపోతుంది. అప్పుడేం జరుగుతుంది? కంట్రోల్ రోజూ కాకుండా వారానికొకసారి వేస్తారు. నెల టార్గెట్ నిండలేదని అక్కర్లేని టెస్టులు రాయించుకుంటారు. సంతకం పెట్టేముందు ఇంకో రెండు అడగండి, సర్వీస్ ఇంజనీర్ ఎక్కడుంటాడు, ఆయన వచ్చేలోపు శాంపిళ్ళు ఎక్కడ చేయించుకోవాలి. మనకి చాలా కంపెనీల ఇంజనీర్లు చెన్నై నుంచే రావాలి. మే నెలలో రేణిగుంట ఎండలో ఏసీ ఆగి మెషిన్ మొరాయించిందంటే, ఆయన బయల్దేరి వచ్చేలోపు మీ రెండు రోజుల పని పోతుంది.

మెషిన్ వచ్చాక కంపెనీ వాళ్ళు ఇన్‌స్టాల్ చేసి ఒక కాగితం ఇస్తారు, "వెరిఫై అయింది" అని. అది వాళ్ళ కాగితం. మీరు పాత మెషిన్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన నడపాలి, కనీసం నలభై శాంపిళ్ళు, అన్నీ నార్మల్ మనుషులవి కాకుండా బాగా తక్కువవి, బాగా ఎక్కువవి ఏరి పెట్టుకుని. హిమోగ్లోబిన్ 13 దగ్గర ఏ మెషినైనా బాగానే చెప్తుంది, 4 దగ్గర ఏం చెప్తుందో చూడండి. ఆ తర్వాత రోజూ కంట్రోల్, నెలనెలా మన ల్యాబ్ సరిగ్గా చెప్తోందా అని చూడటానికి బయటి నుంచి వచ్చే ఈక్వాస్ శాంపిల్. బయోకెమిస్ట్రీకి వేలూరు సీఎంసీ వాళ్ళది ఉంది, మనకి పక్కనే. ఇక్కడ టెక్నీషియన్ అన్నలకి ఒక మాట, కోప్పడకండి. కంట్రోల్ సగటుకి రెండు ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) బయటపడితే లోపలికి వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ రన్ చేసి, లోపలికి వచ్చిన అంకెనే చార్టులో రాయడం మన దగ్గర మామూలైపోయింది. అంతా బాగున్నా ఇరవైలో ఒకసారి రెండు ఎస్‌డీ దాటడం సహజం, దాన్ని అలాగే రాయండి, ఎవరూ ఏమీ అనరు. చార్టు మీద అన్ని చుక్కలూ గీత మీదే బుద్ధిగా కూర్చుని ఉంటే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయనకి అనుమానం మొదలయ్యేది అక్కడే.

అన్నిటికంటే చవకైన టెక్నాలజీ ఒకటుంది, దాని మీద ఎవరూ సెమినార్ పెట్టరు. బార్‌కోడ్. మన చిత్తూరు జిల్లాల్లో పేర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిదింటికి రిసెప్షన్లో "మునిరత్నం" అని పిలిస్తే ముగ్గురు లేస్తారు. మునెమ్మలు, మునికృష్ణలు, గంగాధరాలు, వెంకటేశులు, ఇంటిపేరు ఒక్క అక్షరం, వయసు అడిగితే "అరవై ఉంటదిలే సామీ" అంటారు. ట్యూబు మీద పెన్నుతో "ముని రత్నం, 60" అని రాస్తే అది ఎవరిదో ఆ మునీశ్వరుడికే తెలియాలి. ఒక మనిషి బయాప్సీ రిపోర్టు ఇంకొకరికి వెళ్తే ఎంత గొప్ప మాలిక్యులర్ (డీఎన్‌ఏ) పరీక్ష చేసినా ఏం లాభం. పైగా మనది యాత్రికుల ఊరు. దర్శనానికి వచ్చి జబ్బుపడి, రక్తం ఇచ్చి, రాత్రి రైలెక్కి నాందేడో సోలాపూరో వెళ్ళిపోతారు. వాళ్ళని మళ్ళీ పిలిచి ఇంకోసారి రక్తం తీయడం కుదరని పని. కాబట్టి రక్తం తీసే బల్ల దగ్గరే, రోగి ముందే బార్‌కోడ్ స్టిక్కర్ అంటించాలి, ఫోన్ నంబరు తప్పనిసరిగా తీసుకోవాలి. ముందే స్టిక్కర్లు అంటించిన ఖాళీ ట్యూబుల ట్రే పెట్టుకుని కూర్చోవడం మానేయండి.

డిజిటల్ ప్యాథాలజీ, ఏఐ గురించి చెప్పకపోతే ఆర్గనైజర్లు ఒప్పుకోరు, కొంచెం చెప్తాను. స్లైడ్ మొత్తాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లో చూసి రిపోర్టు ఇవ్వడానికి అమెరికాలో మొదటి అనుమతి 2017లో వచ్చింది, ఫిలిప్స్ స్కానర్‌కి. ప్రొస్టేట్ బయాప్సీలో అనుమానం ఉన్న చోటుని చూపించే ఏఐ సాఫ్ట్‌వేర్‌కి 2021లో వచ్చింది. నాకు నిజంగా ఉపయోగం కనబడేది ఎక్కడంటే, మదనపల్లెలోనో కుప్పంలోనో ఒక్కడే కూర్చున్న ప్యాథాలజిస్టుకి అరుదైన కేసు వచ్చినప్పుడు స్లైడ్ కొరియర్‌లో పంపి వారం ఎదురుచూడకుండా అదే రోజు ఇంకో నలుగురి అభిప్రాయం తీసుకోవడం. దానికి స్కానర్ కొనడంతో సరిపోదు. ఒక్క స్లైడ్ ఫైలు జీబీ దాకా ఉంటుంది, ఆ ఫైళ్ళు ఎక్కడ దాస్తారు, ఎన్నేళ్ళు దాస్తారు, నెట్ వేగం ఎంత. మొదలుపెట్టేముందు కనీసం అరవై కేసులు గాజు స్లైడ్ మీద ఒకసారి, రెండు వారాలు ఆగి స్క్రీన్ మీద ఒకసారి చూసి రెండూ కలుస్తున్నాయో లేదో సరిచూసుకోవాలి. అన్నిటికంటే ముందు సెక్షన్ బాగుండాలి. మడత పడ్డ సెక్షన్, గాలిబుడగ, మందంగా కోసింది, ఇలాంటివి మన కన్ను ఫైన్ ఫోకస్ తిప్పుకుంటూ చదివేస్తుంది, స్కానర్ మసకగా తీసి ఊరుకుంటుంది. ఏఐ అయితే తను నేర్చుకున్న స్లైడ్ల రంగుకి అలవాటుపడి ఉంటుంది, మన హిమటాక్సిలిన్ సోమవారం ఒక నీలం, శుక్రవారం ఒక నీలం. స్కానర్ డెమో చూడటానికి వెళ్తే కంపెనీ వాళ్ళ స్లైడ్లు చూసి మురిసిపోకండి, మీ ల్యాబ్‌లో నిన్న కోసిన స్లైడ్లు జేబులో పెట్టుకెళ్ళండి.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక పీజీ: మేడమ్, మైక్రోస్కోపు మీద ఫోన్ పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే సీనియర్లు చెప్పేస్తుంటారు కదా, అది చాలదా?)

చాలాసార్లు నేనూ చూసి చెప్తాను తల్లీ. కానీ ఫోటోలో ఏ ఫీల్డు పెట్టాలో నువ్వు ఎంచుకున్నావు. నీ కంటికి ఆనని చోటు ఆ ఫోటోలో ఉండదు, నేను చూడలేను. కాబట్టి ఆ జవాబుని సలహాగా తీసుకో, రిపోర్టులో నా పేరు రాయకు. రోగి పేరు, నంబరు కనబడేలా ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టడం మాత్రం ఎవరికీ మంచిది కాదు.

(ఒక టెక్నీషియన్: మేడమ్, ఎముక ముక్కలు వస్తే మేము నైట్రిక్ యాసిడ్‌లో డీకాల్ చేస్తాం, అంటే కాల్షియం తీసేసి మెత్తబరుస్తాం, తొందరగా అవుతుంది. తర్వాత వాటి మీద మాలిక్యులర్ పరీక్ష అడుగుతున్నారు, రావట్లేదు అంటున్నారు.)

రాదన్నా. గట్టి యాసిడ్ ఎముకతో పాటు డీఎన్‌ఏని కూడా తినేస్తుంది. ఈడీటీఏలో చేస్తే డీఎన్‌ఏ నిలుస్తుంది, కాకపోతే నిదానం, ముక్కని బట్టి రోజులు పడుతుంది, ముక్క పెద్దదైతే వారాలు. డాక్టరు తొందరపెడితే ఇలా చేయండి: గ్రాస్ చేసేటప్పుడే, అంటే ముక్కని కంటితో చూసి కోసేటప్పుడే, ఎముకకి అంటుకున్న మెత్తటి గడ్డ ఏదైనా ఉంటే కొంచెం గీకి, డీకాల్ చేయకుండా వేరే క్యాసెట్‌లో (ముక్కలు పెట్టే చిన్న డబ్బాలో) మామూలుగా ప్రాసెస్ చేయండి. మిగతా ఎముకని మీ పద్ధతిలో చేసుకోండి. ఏ బ్లాక్ డీకాల్ చేసింది, ఏది చేయనిది, ఏ యాసిడ్‌లో ఎంతసేపు, ఇది రిజిస్టర్లోనూ రాయండి, రిపోర్టులోనూ వచ్చేలా మీ డాక్టర్‌కి చెప్పండి. రేపు రోగి బంధువులు బ్లాక్ తీసుకుని వేలూరో ముంబైయో వెళ్తామంటే, చేతికివ్వాల్సింది ఆ డీకాల్ చేయని బ్లాక్.